చందా కట్టినవాళ్లకే మా పత్రిక స్పామ్‌లో పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపిన చిన్న సాహిత్య మాసపత్రికను ఇప్పుడు నేనూ, మరో ఇద్దరు మిత్రులూ కలిసి నడుపుతున్నాం. కాగితం ధర, తపాలా ఖర్చు భరించలేక అచ్చు ఆపేసి, పీడీఎఫ్ చేసి మెయిల్‌లో పంపుతున్నాం. చందాదారులు, పాత పాఠకులు, విజయవాడ పుస్తక ప్రదర్శనలో మా స్టాలు దగ్గర రిజిస్టరులో పేరు రాసినవాళ్లు అంతా కలిపి పదిహేను వందల మంది దాకా ఉంటారు. వాళ్లలో చాలామంది అమెరికాలో ఉన్నారు. మొదట్లో జీమెయిల్ నుంచి పంపేవాళ్లం. రోజుకు ఇంతకు మించి పంపకూడదంటూ అది ఆపేసింది. అప్పుడు సొంత డొమైన్ కొని, వెబ్‌సైట్ ఉన్న సర్వర్ నుంచే పంపడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి చందా కట్టినవాళ్లే పత్రిక రాలేదని ఫోన్లు చేస్తున్నారు. వెతికితే స్పామ్‌లో ఉంటోంది. ‘ఉచితం’, ‘రాయితీ’ వంటి మాటలన్నీ తీసేశాం. ఆశ్చర్యార్థకాలూ తీసేశాం. ఫలితం లేదు. ఒకరు కొత్త డొమైన్ కొనమంటున్నారు. మరొకరు నెలకు కొంత ఇస్తే నేరుగా ఇన్‌బాక్స్‌లో పడేటట్టు చేస్తామంటున్నారు. ఏం చేయమంటారు? స్పామ్‌లో పడ్డ ఒక మెయిల్ తాలూకు అసలు రూపం ఉన్న పేజీని జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఆ పేజీ పంపి మంచి పని చేశారు. చాలామంది ‘స్పామ్‌లో పడుతోంది’ అని మాత్రమే రాస్తారు. ఎందుకు పడుతోందో చెప్పే కాగితం తమ దగ్గరే ఉందని వాళ్లకు తెలియదు. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఉత్తరానికి కుడివైపు ఉన్న మూడు చుక్కలు నొక్కితే అసలు రూపాన్ని చూపించమనే ఎంపిక వస్తుంది. ఆ పేజీ పైభాగంలో చిన్న పట్టిక ఉంటుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షల ఫలితాలు కనిపించాలి. మీరు పంపిన పేజీలో ఎస్‌పీఎఫ్ ఎదురుగా ‘పర్మ్‌ఎర్రర్’ అని ఉంది. డీకిమ్, డీమార్క్ వరుసలు అసలు లేవు. అంటే మీ డొమైన్‌కు మొదటిది తప్పుగా పెట్టారు, మిగతా రెండూ పెట్టనే లేదు. మీరు ‘ఉచితం’ అన్న మాట తీసేసినా, సంపాదకీయం మొత్తం తీసేసినా ఈ పట్టిక మారదు.

ఈ పరీక్షలు ఎందుకు పెట్టారో చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెయిళ్లు ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు వెళ్లే ఎస్ఎంటీపీ పద్ధతిని 1982లో రాశారు. అప్పట్లో కంప్యూటర్ల వలలో ఉన్నవి కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకని పంపేవారు తమ పేరు ఏది చెబితే అదే పేరని ఒప్పుకునేటట్టు ఆ పద్ధతిని కట్టారు. మీ పత్రిక పేరు పెట్టుకుని నేనైనా మెయిల్ పంపవచ్చు, ఎక్కడో కూర్చున్న మోసగాడైనా పంపవచ్చు. ఈ లోటును పూడ్చడానికి తర్వాత వచ్చినవే ఆ మూడు పరీక్షలు. చాలాకాలం అవి ఉంటే మంచిది, లేకపోయినా ఫరవాలేదు అన్నట్టు నడిచాయి. 2023 అక్టోబరులో గూగుల్, యాహూ కలిసి నిబంధనలు ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో పెట్టాయి. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు 2025 మేలో అదే బాట పట్టింది. మూడు పరీక్షలూ తప్పనిసరి అన్న షరతు ఒక రోజులో 5,000 మెయిళ్లు, అంతకు మించి పంపేవారికే. మీకు అది వర్తించదు. కానీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి సరిగా ఉండాలన్నది గూగుల్ అందరికీ పెట్టిన షరతు. మీకు ఆ ఒకటి కూడా లేదు. మీ మెయిళ్లను గుమ్మం దగ్గరే తిప్పి పంపకుండా స్పామ్‌లోనైనా వేస్తున్నారంటే ఒక రకంగా దయ చూపిస్తున్నట్టే.

ముందు ఎస్‌పీఎఫ్ సంగతి. మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ ఏ సర్వర్లకు ఉందో చెప్పే ఒకే ఒక్క వరుస ఇది. డొమైన్ కొన్న కంపెనీ వెబ్‌సైట్‌లో డీఎన్ఎస్ (మీ డొమైన్ పేరు వివరాలను మిగతా సర్వర్లకు చెప్పే చిట్టా) అనే విభాగం ఉంటుంది, అక్కడ టెక్స్ట్ రికార్డుగా దాన్ని రాస్తారు. ‘ఒకే ఒక్క’ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మీ డొమైన్ రికార్డులు ఎవరైనా చూడవచ్చు కాబట్టి నేనూ చూశాను. ‘వి ఈక్వల్ టు ఎస్‌పీఎఫ్1’ అని మొదలయ్యే వరుసలు రెండు ఉన్నాయి. ఒకటి గూగుల్‌కు అనుమతి ఇస్తోంది. బహుశా ఎవరో సంస్థల కోసం గూగుల్ డబ్బుకు ఇచ్చే మెయిల్ సేవ గూగుల్ వర్క్‌స్పేస్ ప్రయత్నించి వదిలేసి ఉంటారు. రెండోది మీ వెబ్‌సైట్ ఉన్న హోస్టింగ్ సర్వర్‌కు అనుమతి ఇస్తోంది. రెండు ఉంటే రెండు అనుమతులూ కలుస్తాయని అనుకోవడం సహజం. నిబంధన అలా లేదు. రెండు వరుసలు కనిపించిన మరుక్షణం పరీక్ష చేసే సర్వర్ ఏదీ చదవకుండా తప్పు అని తేల్చేస్తుంది. మీ పేజీలో ఉన్న ‘పర్మ్‌ఎర్రర్’ అదే. గూగుల్‌ను ఇప్పుడు వాడకపోతే ఆ వరుస తీసేయండి. వాడుతుంటే రెండు అనుమతులనూ ఒకే వరుసలో కలిపి రాయించండి. ఆ వరుసలో చేర్చే సేవల పేర్లు విచ్చలవిడిగా పెంచకండి. ఆ పేర్లను వెతకడానికి పది సార్లకు మించి డీఎన్ఎస్‌ను అడగాల్సి వస్తే అదీ తప్పు కిందికే వస్తుంది. వరుస చివర ఉండే గుర్తులో ‘ప్లస్ ఆల్’ అని ఎవరైనా పెడితే వెంటనే తీసేయించండి. ప్రపంచంలో ఎవరైనా మా పేరుతో పంపుకోవచ్చని దాని అర్థం.

ఎస్‌పీఎఫ్‌కు ఒక బలహీనత ఉంది. మెయిల్‌కు పంపేవారి చిరునామాలు రెండు ఉంటాయి. ఒకటి పాఠకుడికి పైన కనిపించేది. రెండోది మెయిల్ చేరకపోతే తిరిగి ఎక్కడికి రావాలో సర్వర్లు తమలో తాము చెప్పుకునేది, పాఠకుడికి కనిపించనిది. ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేది ఈ రెండోదాన్ని. చవక హోస్టింగుల్లో ఆ రెండో చిరునామా చాలాసార్లు హోస్టింగ్ కంపెనీ పేరుతోనే ఉంటుంది. అప్పుడు పరీక్ష నెగ్గినా ఆ పేరు హోస్టింగ్ కంపెనీకి వస్తుంది, మీకు రాదు. పైగా ఎవరైనా తమ పాత కాలేజీ చిరునామాకు వచ్చిన మెయిల్‌ను జీమెయిల్‌కు మళ్లించుకుంటే, మళ్లించిన సర్వర్ మీ అనుమతి జాబితాలో ఉండదు కాబట్టి అక్కడ ఎస్‌పీఎఫ్ తప్పుతుంది. అమెరికాలోని మీ పాఠకుల్లో ఇలాంటి పూర్వ విద్యార్థుల చిరునామాలు వాడేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అందుకే నా దృష్టిలో మూడింటిలోకీ ముఖ్యమైనది డీకిమ్. పాతకాలం ఉత్తరాల మీద వేసే లక్క ముద్ర లాంటిది. మెయిల్ బయలుదేరేటప్పుడే మీ సర్వర్ తన దగ్గర రహస్యంగా ఉన్న తాళంచెవితో దాని మీద సంతకం చేస్తుంది. దానికి జోడీ అయిన బహిరంగ తాళంచెవి మీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. అందుకున్న సర్వర్ దాన్ని తీసుకుని సంతకం మీదేనా, దారిలో ఎవరైనా ఉత్తరాన్ని మార్చారా అని సరిచూస్తుంది. ఎన్ని చేతులు మారినా, మధ్యలో ఎవరూ అక్షరం కదపకపోతే ముద్ర చెక్కు చెదరదు. తాళంచెవిని మీరు తయారు చేయనక్కరలేదు. మెయిల్ పంపే సేవే తయారు చేసి, డీఎన్ఎస్‌లో అతికించమని ఒక పొడవాటి వరుస ఇస్తుంది. 2048 బిట్ల తాళంచెవి తీసుకోండి. ఆ వరుస బాగా పొడవు కాబట్టి కొన్ని డొమైన్ కంపెనీల పేజీల్లో అతికించేటప్పుడు చివర తెగిపోతుంది. అతికించిన తర్వాత ఒకసారి చివరి అక్షరాలు సరిపోల్చుకోండి. ఇక్కడ తడబడి, అంతా చేశాం కానీ పని జరగలేదని వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

మూడోది డీమార్క్. పాఠకుడికి కనిపించే పేరుకూ, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పరీక్ష నెగ్గిన పేరుకూ పొంతన ఉందా అని ఇది చూస్తుంది. పొంతన లేకపోతే ఏం చేయాలో మీరే చెప్పవచ్చు: ఏమీ చేయకండి, స్పామ్‌లో వేయండి, తిప్పి పంపండి. మొదట ‘ఏమీ చేయకండి’తోనే మొదలుపెట్టండి. ఆ వరుసలోనే నివేదికలు పంపాల్సిన చిరునామా కూడా రాయవచ్చు. గూగుల్, యాహూ వంటివి మీ పేరుతో ఎక్కడెక్కడి నుంచి మెయిళ్లు వచ్చాయో రోజువారీ లెక్క ఆ చిరునామాకు పంపుతాయి. మామూలుగా చదవడానికి వీలులేని ఫైళ్లవి. వాటిని పట్టికగా మార్చి చూపించే ఉచిత సేవలు ఉన్నాయి. మీ సొంత ఇన్‌బాక్స్‌కు మాత్రం తెప్పించుకోకండి, విసుగు పుట్టి చూడటం మానేస్తారు. వేరే చిరునామా పెట్టండి. రెండు మూడు సంచికలు పోయాక, మీ మెయిళ్లన్నీ నెగ్గుతున్నాయని ఆ లెక్కల్లో తేలితే, ‘స్పామ్‌లో వేయండి’కి మార్చండి. మొదటి రోజే కఠినంగా పెడితే మీరు మరిచిపోయిన మీ మెయిళ్లే ముందు దెబ్బతింటాయి.

మరిచిపోయేది ఏముంటుంది అంటారేమో. మీ వెబ్‌సైట్‌లో చందా కోరేవారు నింపే ఫారం ఉంది. నేనూ ఒకసారి నింపి చూశాను. నాకు అందినట్టు జవాబు వచ్చింది, అది కూడా స్పామ్‌లోకే. ఇలాంటి ఫారాలు చాలాచోట్ల నింపినవారి జీమెయిల్ చిరునామానే ‘పంపినవారు’గా పెట్టి మీకు సమాచారం పంపుతాయి. సంపాదకులు ‘జవాబు’ నొక్కితే నేరుగా పాఠకుడికి వెళ్తుందన్న సదుద్దేశంతో ఎవరో అలా రాసి ఉంటారు. కానీ మీ సర్వర్ జీమెయిల్ పేరు పెట్టుకుని మెయిల్ పంపడం అంటే దొంగ పేరుతో పంపినట్టే లెక్క. పంపినవారి చోట మీ డొమైన్ చిరునామా ఉండాలి, జవాబు వెళ్లాల్సిన చోట పాఠకుడి చిరునామా ఉండాలి. వెబ్‌సైట్ చూసే అబ్బాయికి ఈ వాక్యం చదివి వినిపిస్తే చాలు, అతనికి అర్థమవుతుంది.

ఇక్కడిదాకా చేసినా, పదిహేను వందల ప్రతులను వెబ్‌సైట్ ఉన్న సర్వర్ నుంచి పంపడం మానాలన్నది నా గట్టి సలహా. చవక హోస్టింగులో ఒకే సర్వర్ మీద, ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్‌ను గుర్తించే అంకె) మీద వందల వెబ్‌సైట్లు ఉంటాయి. వాటిలో ఒకటి హ్యాకర్ల చేతిలో పడి రాత్రికి రాత్రి లక్ష చెత్త మెయిళ్లు పంపితే ఆ ఐపీ మొత్తానికీ చెడ్డపేరు వస్తుంది. స్పామ్‌హౌస్ వంటి సంస్థలు అలాంటి ఐపీల జాబితాలు నడుపుతాయి. ఎన్నో మెయిల్ సర్వర్లు ఆ జాబితాలు చూసే తలుపు తీస్తాయి. మీరు చేయని పాపానికి మీరు శిక్ష అనుభవిస్తారు. జోహో క్యాంపెయిన్స్, బ్రెవో, మెయిల్‌చింప్ వంటి సేవలు సామూహిక మెయిళ్ల కోసమే ఉన్నాయి. డీకిమ్ వరుసలు అవే ఇస్తాయి, తిరిగొచ్చిన చిరునామాలను అవే తీసేస్తాయి, వద్దన్నవారిని మళ్లీ కదిలించవు. చందాదారుల సంఖ్యను బట్టి నెలకు కొంత ఖర్చవుతుంది. తపాలా ఖర్చుతో పోలిస్తే అది పెద్దదేమీ కాదు. గూగుల్ వర్క్‌స్పేస్ తీసుకుంటే రోజుకు 2,000 మెయిళ్ల దాకా పంపవచ్చు కదా అని కొందరు అంటారు. మామూలు జీమెయిల్‌లో ఆ హద్దు 500. కానీ అవి మనిషి మనిషికి రాసుకునే ఉత్తరాల కోసం పెట్టిన ఖాతాలు. పత్రిక పంపడానికి వాటిని వాడితే, రచయితలతో మీరు జరిపే ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా ఆ దెబ్బకు ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా అనిపించే మాట. ఆ పదిహేను వందల మందిలో నిజంగా పత్రిక కావాలన్నవాళ్లు ఎందరు? చందా కట్టినవారి గురించి నాకు సందేహం లేదు. పుస్తక ప్రదర్శన రిజిస్టరు గురించి ఉంది. స్టాలు దగ్గర నిలబడి, చేతిలో సంచులతో, పక్కనున్నవాళ్లు తొందరపెడుతుంటే మర్యాద కోసం పేరు రాసినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల రాత చూసి మీరు టైపు చేసిన చిరునామాల్లో ‘ఎల్’ను ‘1’గా, ‘ఓ’ను సున్నాగా చదివినవి ఉంటాయి. ఆ చిరునామా లేనే లేదంటూ 550 అంకెతో తిరిగొచ్చే మెయిళ్లు అవే. ఒక సంచికలో అలాంటివి ఎక్కువగా కనిపిస్తే, ఎక్కడో దొరికిన జాబితాకు ఎవరో గుడ్డిగా పంపుతున్నారని అవతలి సర్వర్లు అనుకుంటాయి. వాటిని తప్పు పట్టలేం. ఏళ్లుగా ఎవరూ వాడని కొన్ని పాత చిరునామాలను స్పామర్లను పట్టడానికి ఉచ్చులుగా వాడుకునే అలవాటూ ఉంది. నాన్నగారి కాలం నాటి జాబితాలో అలాంటివి లేవని చెప్పలేం.

ఇక బతికున్న చిరునామాలే అయినా, పత్రిక అక్కరలేనివాళ్లు ఏం చేస్తారు? ‘స్పామ్’ బొత్తాం నొక్కుతారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ నొక్కే. ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్లలో ఇలాంటి ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, వీలైతే 0.1 లోపే ఉండాలని గూగుల్ చెబుతోంది. వెయ్యి మంది జీమెయిల్ పాఠకులకు మీ సంచిక చేరిందనుకుంటే, ముగ్గురు నొక్కితే చాలు మీరు గీత మీద ఉన్నట్టే. రిజిస్టరులో మర్యాదకు పేరు రాసిన ముగ్గురు దొరకడం ఏమంత కష్టం? వాళ్ల వల్ల చందా కట్టిన పెద్దాయనకు పత్రిక అందకుండా పోతుంది.

కాబట్టి రిజిస్టరు పేర్లను పక్కన పెట్టండి. వాళ్లకు ఒకే ఒక్కసారి, పీడీఎఫ్ లేకుండా, నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి: ఎక్కడ కలిశామో గుర్తు చేసి, పత్రిక కావాలంటే ఈ లింకు నొక్కండి, నొక్కకపోతే మళ్లీ రాయం అని. ఆ మాట నిలబెట్టుకోండి. జాబితా పదిహేను వందల నుంచి తొమ్మిది వందలకు పడిపోతే బాధగానే ఉంటుంది, తెలుసు. ఏ పత్రికకైనా పాఠకుల సంఖ్య ఒక పరువు. అయినా ఆ తొమ్మిది వందల మందికి పత్రిక చేరడం ముఖ్యం కదా.

చందా మానుకునే లింకు ప్రతి సంచిక పైభాగంలోనే కనబడాలి. అడుగున బూడిద రంగులో దాచిపెడితే వెతకలేక స్పామ్ నొక్కుతారు. మెయిల్ పెట్టెలోనే పంపినవారి పేరు పక్కన కనిపించే ఒక్క నొక్కు సదుపాయాన్ని పెద్ద సంఖ్యలో పంపేవారికి గూగుల్ తప్పనిసరి చేసింది. మీరు చిన్నవారే అయినా పెట్టుకోండి, నేను చెప్పిన సేవలు దాన్ని వాటంతట అవే పెడతాయి. వద్దన్నవారి పేరు రెండు రోజుల్లో తీసేయాలి. ‘కారణం చెప్పండి’, ‘లాగిన్ అవ్వండి’ అంటూ వాళ్లను తిప్పకండి. మీరు పుస్తకాల అమ్మకం ప్రకటనలు కూడా అమెరికా పాఠకులకు పంపుతుంటే, 2003లో అక్కడ వచ్చిన క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం మెయిల్‌లో మీ తపాలా చిరునామా ఉండాలి. తెనాలి చిరునామా రాస్తే సరిపోతుంది.

మాటల సంగతి చివరికి వచ్చింది, దాని స్థానం కూడా అదే. ఒకప్పుడు ఫిల్టర్లు మాటలను లెక్కపెట్టి తీర్పు చెప్పేవి. ఇప్పటికీ చూస్తాయి, కానీ పంపినవారెవరు, వారికి ఇంతకుముందు ఎలాంటి పేరుంది అన్న రెండు ప్రశ్నల తర్వాతే. ‘ఉచితం’ అన్న మాటను మళ్లీ నిర్భయంగా రాసుకోండి. తెలుగులో రాసినంత మాత్రాన స్పామ్‌లో పడుతుందన్న అపోహ కూడా వద్దు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ తెలుగును ఏ మెయిల్ సేవైనా చక్కగా చదువుతుంది. కానీ మీ మెయిల్‌లో నాకు కనిపించింది యూనికోడ్ కాదు. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన సంపాదకీయాన్ని అలాగే తెచ్చి మెయిల్‌లో అతికించారు. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కాబట్టి మీకు అది తెలుగుగానే కనిపిస్తుంది. నా దగ్గర ఏడు వరుసల పాటు ఇంగ్లిష్ అక్షరాలు, శాతం గుర్తులు, విరిగిన కుండలీకరణాలు కలగలిసిన గజిబిజి కనిపించింది. అలాంటిది చూస్తే యంత్రమే కాదు, మనిషైనా అనుమానిస్తాడు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు చాలా ఉన్నాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి కళ్లతో చూసుకోండి, క్ష, జ్ఞ దగ్గర ముఖ్యంగా.

పీడీఎఫ్‌ను జతచేయడం కూడా మానండి. మీ సంచిక 18 మెగాబైట్లు ఉంది. మెయిల్‌లో ఫైళ్లు వెళ్లే పద్ధతి వల్ల దాని బరువు దాదాపు మూడో వంతు పెరిగి 24కు చేరుతుంది. జీమెయిల్ నుంచి పంపే మెయిళ్లకైతే హద్దు 25. మరో రెండు బొమ్మలు వేస్తే ఆ నెల సంచికను కొన్ని సర్వర్లు తీసుకోకపోవచ్చు. పీడీఎఫ్ మీ వెబ్‌సైట్‌లోనే పెట్టి, మెయిల్‌లో ముఖచిత్రం, విషయసూచిక, సంపాదకీయంలో మొదటి పేరా, ఒక లింకు ఇవ్వండి. లింకు మీ డొమైన్‌తోనే ఉండాలి. పొట్టి లింకులు తయారు చేసే సేవలను వాడకండి. మోసగాళ్లు కూడా వాటినే వాడటంతో వాటికి చెడ్డపేరు వచ్చింది. ముఖచిత్రం ఒక్కటే పెట్టి అక్షరం ముక్క లేకుండా పంపడం కూడా మంచిది కాదు. ఫిల్టర్లు చదవకుండా మాటలను బొమ్మలో దాచడం స్పామర్ల పాత అలవాటు.

కొత్త డొమైన్ కొనమన్నవారి మాట వినకండి. కొత్తగా పుట్టిన డొమైన్‌కు ఏ పేరూ ఉండదు, నిన్న మొన్న కొన్న డొమైన్ల నుంచి వచ్చే మెయిళ్లను ఫిల్టర్లు మరింత అనుమానంగా చూస్తాయి. లోపలి లోపాలు అలాగే ఉంచి పైన బోర్డు మారిస్తే కొన్నాళ్లకు మళ్లీ ఇదే ఉత్తరం నాకు రాస్తారు. పైగా మీ చిరునామాను ఇప్పటికే భద్రపరుచుకున్న పాఠకులకు మీరు కొత్తవారైపోతారు. ఇన్‌బాక్స్‌లో పడేలా చేస్తామన్నవారి విషయం ఇంకా స్పష్టం. మెయిల్ ఎక్కడ పడాలన్నది అందుకునే వైపు నిర్ణయం. ఆ నిర్ణయాన్ని అమ్మే అధికారం ఎవరికీ లేదు. వాళ్లలో కొందరు చేసేది ఉత్తుత్తి ఖాతాలు పెట్టి, వాటికి మీ మెయిళ్లు పంపించి, అవే ‘స్పామ్ కాదు’ నొక్కినట్టు చూపించడం. అది పట్టుబడితే ఉన్న పేరు కూడా పోతుంది. డీఎన్ఎస్‌లో మూడు వరుసలు సరిచేయడానికి తెలిసినవారికి ఒక పూట చాలు. దానికి నెలనెలా అద్దె కట్టనక్కరలేదు.

అన్నీ సరిచేశాక కూడా మొదటి సంచిక అందరికీ ఒకేసారి పంపకండి. డీఎన్ఎస్ మార్పులు అన్నిచోట్లకూ చేరడానికి కొన్ని గంటలు ఆగి, మీ ముగ్గురి జీమెయిల్, అవుట్‌లుక్, యాహూ ఖాతాలకు పంపి చూసుకోండి. ఆ పట్టికలో మూడు వరుసలూ ‘పాస్’ అని చూపిస్తేనే ముందుకు కదలండి. తర్వాత మీకు ఉత్తరాలు రాసే, ఫోన్లు చేసే పాఠకులు వంద మందికో రెండు వందల మందికో పంపండి. వాళ్లు తెరుస్తారు, కొందరు జవాబిస్తారు. ఫిల్టర్ల దృష్టిలో దానికంటే మంచి సాక్ష్యం లేదు. మరుసటి రోజు ఇంకొంతమందికి, ఆ తర్వాత మిగతావారికి పంపండి. చెడిన పేరు ఒక్క రోజులో బాగుపడదు, రెండు మూడు సంచికల కాలం పట్టవచ్చు. ఈలోగా గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే ఉచిత సేవలో మీ డొమైన్‌ను నమోదు చేసుకోండి. మీ స్థాయిలో పంపేవారికి అందులో చాలా రోజులు లెక్కలు ఖాళీగా కనిపిస్తాయి, కంగారు పడకండి.

పాఠకుల వైపు నుంచి కూడా కొంత సాయం తీసుకోవచ్చు. పత్రిక రాలేదని ఫోన్ చేసినవారిని స్పామ్‌లో వెతకమనండి. జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవాటిని 30 రోజుల తర్వాత తుడిచేస్తుంది కాబట్టి కిందటి నెల సంచిక దొరకకపోవచ్చు. ఈ నెలది దొరికితే దాన్ని తెరిచి ‘స్పామ్ కాదు’ అని నొక్కమనండి, మీ చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోమనండి. తెరిచినప్పుడు పైన, ఈ మెయిల్ ఎందుకు ఇక్కడ పడిందో చెప్పే వాక్యం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి పంపమంటే మీకే పనికొస్తుంది. ‘ప్రమోషన్స్’ అనే విభాగంలో పడితే మాత్రం దాన్ని స్పామ్‌గా లెక్కపెట్టకండి. అది కూడా ఇన్‌బాక్స్‌లో ఒక భాగమే, కావాలంటే వాళ్లు లాగి ప్రధాన విభాగంలో వేసుకోవచ్చు.

వీటన్నిటికీ లొంగని ఒక వర్గం మిగులుతుంది. ఆఫీసు చిరునామాలతో చందా కట్టినవాళ్లు. అమెరికాలో, హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల్లో పనిచేసే మీ పాఠకులు చాలామంది ఇలాగే ఇచ్చి ఉంటారు. అక్కడ కంపెనీ పెట్టుకున్న కాపలా వేరు, దాని నియమాలు వేరు. మీ మూడు వరుసలూ నిక్కచ్చిగా ఉన్నా, బయటి పత్రికలు వద్దని వాళ్ల ఐటీ విభాగం నిర్ణయించుకుంటే మెయిల్ పాఠకుడి స్పామ్ దాకా కూడా రాదు. మీకు తిరిగీ రాదు. పైగా ఆ ఉద్యోగం మారిన రోజున ఆ చిరునామా చచ్చిపోయి మీ జాబితాలో మరో 550 అవుతుంది. చందా ఫారంలో ‘ఇంటి మెయిల్ చిరునామా ఇవ్వండి’ అని ఒక మాట చేర్చండి. ఇప్పటికే ఆఫీసు చిరునామాలు ఇచ్చినవారికి వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడిగా రాసి మార్పించుకోండి.